డెల్టాలో ఇల్లు కడుతున్నారా? సైటు మట్టి, సిమెంటు నీళ్లు కాలువలో కలవకుండా చేయాల్సిన పనులు

గోదావరి డెల్టాలో నేల చదును. వాన పడితే నీరు పరుగెత్తదు, నిలబడుతుంది. అందుకే "మన సైటు మట్టి ఎక్కడికి పోతుందిలే" అనుకుంటారు. వాలు మీదుగా కొట్టుకుపోయే మట్టి ఇక్కడ నిజంగానే తక్కువ. అది పోయేది వేరే మూడు దారుల్లో: పునాది గోతిలో నీరు తోడే ఇంజను పైపులోంచి, ట్రాక్టరు టైర్లకు అంటుకుని, గట్టు మీద పోసిన పోగుల అడుగునుంచి. ఏలూరు, భీమవరం, అమలాపురం, రామచంద్రపురం చుట్టుపక్కల ఎక్కడ కట్టినా ముందు ఈ మూడింటినే చూసుకోవాలి.

ఇంకో చిక్కు మన మట్టిలోనే ఉంది. ఇసుక రేణువు (0.1 మిల్లీమీటరు) నిలకడ నీటిలో మీటరు లోతు దిగడానికి రెండు నిమిషాలు చాలు. ఒండ్రు రేణువు (0.01 మిల్లీమీటరు) మూడు గంటలు తీసుకుంటుంది. నల్లరేగడిలోని బంక రేణువు (0.001 మిల్లీమీటరు) దిగాలంటే పది రోజుల పైమాటే. అంటే బంకమట్టి ఒకసారి నీటిలో కలిసిందా, మీరు తవ్విన గుంటలో గంటో పూటో నిలబెడితే తేరుకోదు. కనుక ఖర్చు, శ్రమ ముందు మట్టి కదలకుండా చూడటం మీద పెట్టాలి. వలలు, గుంటలు ఆ తర్వాతి కాపలా.

1. నీరు ఎటు పోతుందో చూసుకోండి

పని మొదలెట్టే ముందు ఒక్క వానలోనైనా స్థలం చుట్టూ తిరగండి. వానాకాలం కాకపోతే నాలుగు మూలలా రెండు డ్రమ్ముల నీళ్లు పోసి చూడండి. కాగితం మీద స్థలం గీసి, నీరు బయటపడే చోట్లు, అక్కడినుంచి అది చేరే బోదె, తూము, రోడ్డు పక్క కాలువ గుర్తు పెట్టుకోండి.

ఇక్కడ ఒక తేడా మరిచిపోకూడదు. డెల్టాలో పంట కాలువలు మెరక మీదుగా, మురుగు కాలువలు పల్లంలో సాగేలా వేశారు. మీ వాన నీరు సాధారణంగా చేరేది మురుగు కాలువకే. అక్కడ మేట వేస్తే, గుర్రపుడెక్క తోడైతే, సార్వా నాట్లు మునిగినప్పుడు నీరు లాగదు. పడమటి డెల్టాలో చాలా మురుగు కాలువలు కొల్లేరు, ఉప్పుటేరు వైపు పోతాయి. పంట కాలువ గట్టు పక్కనే స్థలం ఉంటే కథ వేరు. నీటి వాలు అటు లేకపోయినా, గట్టు మీద పోసిన ఇసుక, మట్టి జారి సూటిగా కాలువలోనే పడతాయి. అదే కాలువ నీటితో దిగువ ఊళ్ల మంచినీటి చెరువులు నింపుతారు.

చేపల, రొయ్యల చెరువులకు నీరు తోడే మోటార్లు దిగువన ఉన్నాయేమో కనుక్కోండి. ఉంటే ఆ రైతుకు ముందే చెప్పి, స్లాబు రోజు, గొయ్యి తోడే రోజు ఫోను చేసే ఏర్పాటు పెట్టుకోండి.

2. పని ఎప్పుడు

మట్టి పని అంతా ఏప్రిల్, మే నెలల్లోకి తేవడం అన్నిటికంటే చవకైన ఉపాయం. భూగర్భ నీటి మట్టం అప్పుడు కిందికి దిగి ఉంటుంది, గోతిలో తోడాల్సింది తక్కువ. కానీ ఆ వేసవిలోనే కాలువలకు నీరు ఆపేస్తారు. ఎండిన కాలువ కనబడేసరికి శిథిలాలు, పాత ఇటుక ముక్కలు, మిగిలిన మట్టి అందులోనో గట్టు లోపలి వాలులోనో పారబోయడం చాలాచోట్ల అలవాటు. జూన్‌లో నీరు వదలగానే వచ్చే మొదటి నీరు ఆ చెత్తనంతా మోసుకెళ్లి చెరువుల్లో దించుతుంది. మేస్త్రీకి, ట్రాక్టరు తోలేవాళ్లకు ఈ సంగతి మొదటి రోజే గట్టిగా చెప్పండి. అన్‌లోడు చేసే చోటు మీరే చూపించండి. "ఎక్కడో ఒకచోట పోసేయ్" అన్న మాటే గట్టు మీద పోగవుతుంది.

3. మెరక తోలేటప్పుడు

అయిదు సెంట్ల స్థలాన్ని మూడడుగులు లేపాలంటే సుమారు 65 యూనిట్ల (యూనిట్ అంటే వంద ఘనపుటడుగులు) మట్టి కావాలి. అది వదులుగా పడి ఉండగా పెద్ద వాన తగిలితే అంచులు పక్క చేలోకి జారతాయి. తోలిన మట్టిని 8, 9 అంగుళాల పొరలుగా పరిచి, తడిపి, రోలరుతోనో కనీసం ట్రాక్టరుతోనో తొక్కించాలి. ఒక్కసారే మూడడుగులు పోసి పైన తొక్కిస్తే పై అడుగే గట్టిపడుతుంది, కింద బోలుగా మిగులుతుంది.

అంచు వాలు అడుగు ఎత్తుకు రెండడుగుల వెడల్పు చొప్పున ఉండాలి. మూడడుగుల మెరకకు ఆరడుగుల అంచు పోతుంది. చిన్న స్థలంలో అంత వదులుకునేవాళ్లు ఉండరు, తప్పు కూడా కాదు. అలాంటప్పుడు ముందు ప్రహరీ, తర్వాత మట్టి. దీన్ని తిరగేసి, మట్టి తోలేసి ఏడాది తర్వాత గోడ కడదామంటే ఒక వానాకాలం మట్టి పక్కవాళ్లకు ధారపోసినట్టే. ఆ గోడ మట్టి ఒత్తిడి ఆపేలా కట్టించాలి. నీరు దిగే రంధ్రాల వెనక అడుగు మందాన 20 ఎం.ఎం. కంకర, దాని వెనక జియోటెక్స్‌టైల్ గుడ్డ (నీటిని వదిలి మట్టిని ఆపేది) ఉండాలి. ఇవి లేకపోతే ఆ రంధ్రాల్లోంచి బురదే కారుతుంది.

రెండు వారాలకు మించి పని ఆగేచోట నేలను కప్పేయండి. వరిగడ్డి అయితే సెంటుకు 20 కిలోలు, నేల కనబడకుండా పలచగా. దాని మీద కొబ్బరి తాడు అడ్డదిడ్డంగా కట్టి, సరుగుడు మేకులు దిగ్గొట్టాలి. కట్టకపోతే గాలికి గడ్డి లేచి తూముకు అడ్డం పడుతుంది. వాలు అంచుల్లో గరిక పిలకలు నాటండి. ఎత్తు ఎక్కువైతే వట్టివేరు పిలకలు 15 సెంటీమీటర్లకొకటి చొప్పున అడ్డ వరుసల్లో. తొలకరికి ముందు నెలరోజులు తడి పెడితే వానలనాటికి వేరు పట్టుకుంటుంది.

4. పోగులు, దారి

ఇసుక, మట్టి పోగు కాలువకు, బోదెకు కనీసం పది మీటర్ల దూరంలో ఉండాలి. అంత స్థలం లేకపోతే ఉన్నంతలో అటు చివర. ఎత్తు ఆరడుగులు దాటనివ్వొద్దు. ధాన్యం రాశుల మీద కప్పే బరకాలే దీనికీ పనికొస్తాయి, అంచుల మీద ఇటుకలు పెట్టాలి. పోగు చుట్టూ ఇసుక బస్తాలు ఒక వరుస పేర్చండి. ఖాళీ సిమెంటు సంచులతో అయితే బాగా దులిపి, లోపల సిమెంటు పొడి లేకుండా చూసి వాడండి.

తడి నల్లమట్టి టైరుకు పట్టుకుంటే రోడ్డెక్కాకే ఊడుతుంది. గేటు దగ్గర 40 నుంచి 75 ఎం.ఎం. రాయి ఆరంగుళాల మందాన పరవాలి. లేఔటు పనికి 50 అడుగుల పొడవు, ఇంటి స్థలానికి ఉన్నంతలో కనీసం 15 అడుగులు. రాయి కింద జియోటెక్స్‌టైల్ గుడ్డ వేయకపోతే మొదటి వారంలోనే రాయి బురదలో దిగబడుతుంది, మళ్లీ తోలించాలి. ఇటుక ముక్కలతో సరిపెడదామనిపిస్తుంది కానీ అవి చక్రాల కింద నలిగి ఎర్ర బురదవుతాయి. రోడ్డు మీద పడ్డ మట్టిని సాయంత్రం పారతో ఎత్తి, చీపురుతో ఊడ్చి లోపలికి వేయాలి. పైపు పెట్టి కడిగితే అది నేరుగా కాలువకే చేరుతుంది.

5. పల్లపు అంచున అడ్డుకట్ట

నీరు బయటపడే అంచు పొడవునా జియోటెక్స్‌టైల్ గుడ్డతో కంచె కట్టాలి. సరుగుడు కర్రలు ఆరడుగులకొకటి, రెండడుగులు భూమిలోకి దిగాలి. కర్రల ముందు ఆరంగుళాల లోతు, ఆరంగుళాల వెడల్పు గాడి తీసి, గుడ్డ అడుగు అందులోకి మడిచి, మట్టి కప్పి తొక్కాలి. నేల పైన రెండడుగుల గుడ్డ కనబడితే చాలు. ఇది విఫలమైతే చాలాసార్లు ఆ గాడి తీయకపోవడం వల్లే. నీరు గుడ్డ కిందనుంచి దూరిపోతుంది. రెండు చివరలూ పైవైపుకు కాస్త వంచాలి, లేకపోతే పక్కనుంచి దారి చేసుకుంటుంది.

నర్సరీల మీద కప్పే ఆకుపచ్చ నెట్టు దీనికి పనికిరాదు. కన్ను పెద్దది, కాగితాలను ఆపుతుందేమోగానీ మట్టిని ఆపదు. జియోటెక్స్‌టైల్ దొరక్కపోతే గోనె గుడ్డ రెండు పొరలు. కోనసీమ వైపు కొబ్బరి పీచుకు కొదవ లేదు. వలలో పీచు బిగించి కట్టిన అడుగు లావు దిండ్లు అంచున వరుసగా పెట్టి, రెండంగుళాల లోతు నేలలో కూర్చోబెట్టి, మేకులు కొడితే చిన్న స్థలానికి గుడ్డ కంచె కంటే మేలు. ఎండకు పాడవదు, పని అయ్యాక తీయనక్కర్లేదు.

బోదెకు, కాలువకు అడ్డంగా మాత్రం గుడ్డ కట్టొద్దు. పారే నీటి ఒత్తిడికి చిరుగుతుంది, చిరగకపోతే ఎగువన చేలు ముంచుతుంది.

6. తేరుడు గుంట

బురద నీరు బయటికి పోయేముందు నిలబడి, మట్టి అడుక్కు దిగేందుకు తవ్వే గుంట ఇది. సెంటు స్థలం మీద అంగుళం వాన పడితే సుమారు వెయ్యి లీటర్లు. ఈ ఒక్క లెక్క చాలు: ఎన్ని సెంట్లో గుంట అన్ని ఘనపు మీటర్లు. అయిదు సెంట్లకు 15 అడుగుల పొడవు, 6 అడుగుల వెడల్పు, 2 అడుగుల లోతు సరిపోతుంది. ఇంకా లోతుకు పోవద్దు, వానాకాలంలో ఊట నీటితోనే నిండిపోతుంది. తవ్వే వీలే లేని చోట మట్టి బస్తాలు రెండడుగుల ఎత్తు పేర్చి, లోపల బరకం పరిచి నేల మీదే తొట్టి కట్టుకోవచ్చు.

నీరు ఒక చివర లోపలికి, రెండో చివర పైఅంచు మీదుగా బయటికి. మధ్యలో అడ్డంగా గోనె పరదా కడితే నీరు సూటిగా దాటిపోదు. బయటపడే చోట మూడడుగుల వెడల్పున రాళ్లు పరవాలి. సగం పూడగానే తోడేయాలి. చుట్టూ కంచె తప్పనిసరి, పిల్లలు తిరిగే చోట రెండడుగుల నీరు చిన్న ప్రమాదం కాదు.

7. గోతిలో నీరు తోడేటప్పుడు

డెల్టాలో అసలు నష్టం జరిగేది ఇక్కడే, కాబట్టి దీనికి ఎక్కువ సమయం పెట్టండి. పునాది గోతిలో పొద్దున్నే మోకాలి లోతు నీరు ఉంటుంది. ఆయిల్ ఇంజను తెచ్చి, ఫుట్‌వాల్వు అడుగు బురదలో పడేసి, పైపు రోడ్డు పక్క కాలువలోకి వేస్తారు. అరగంటలో గోతిలో బురదంతా కాలువలో ఉంటుంది. 5 హెచ్‌పీ ఇంజను ఆ కొద్ది ఎత్తుకు సెకనుకు పది లీటర్ల పైనే తోడుతుంది. అయిదు వేల లీటర్ల గుంట ఎనిమిది నిమిషాల్లో నిండుతుంది. ఇక తేరుకునే వ్యవధి ఎక్కడ?

గోతి మూలలో రెండడుగుల లోతు చిన్న గొయ్యి తీయండి. 200 లీటర్ల ఖాళీ ప్లాస్టిక్ డ్రమ్ముకు కింది సగం చుట్టూ అరంగుళం రంధ్రాలు వేసి, దోమల వల రెండు చుట్లు చుట్టి అందులో దింపండి. డ్రమ్ము చుట్టూ ఆరంగుళాల మందాన 20 ఎం.ఎం. కంకర పోయండి. అడుగున కూడా ఆరంగుళాలు. సక్షన్ పైపును డ్రమ్ములో, అడుక్కు తగలకుండా తాడుతో వేలాడదీయండి. పెద్ద ఇంజను బదులు ఒక హెచ్‌పీ మోటారు పెట్టి తెల్లవారుజామునుంచి నెమ్మదిగా తోడండి. మనుషులు గోతిలోకి దిగాక నీరు కలకబారుతుంది, కాబట్టి తోడడం అంతకు ముందే అయిపోవాలి. అడుగున మిగిలే నాలుగంగుళాల బురద నీటిని పైపుతో కాకుండా బకెట్లతో తీసి తేరుడు గుంటలో పోయించండి.

ఇంత చేసినా బంకమట్టి నీరు టీ రంగులోనే ఉంటే పటిక వాడాలి. గమేళాడు పటిక గుమ్మరించడం కాదు, ముందు చిన్న పరీక్ష. పది గ్రాముల పటిక లీటరు నీళ్లలో కరిగించండి. ఈ ద్రావణం ఒక మిల్లీలీటరులో పది మిల్లీగ్రాములు ఉంటుంది. లీటరు పట్టే సీసాలు అయిదు తీసుకుని, వాటిలో గుంట నీరు నింపి, సిరంజితో వరసగా 2, 4, 6, 8, 10 మిల్లీలీటర్లు వేయండి. ఒక నిమిషం గట్టిగా, పది నిమిషాలు మెల్లగా తిప్పి, అరగంట కదపకుండా ఉంచండి. మందపు రేకలు కట్టి పైన నీరు తేటపడిన సీసాల్లో అన్నిటికంటే తక్కువ మోతాదు మీది. 4 మిల్లీలీటర్లకే తేరితే అయిదు వేల లీటర్లకు 200 గ్రాములు చాలు. విడిగా బకెట్లో కరిగించి, గుంటలోకి నీరు పడే చోట ధారగా పోయాలి. తర్వాత పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) కాగితంతో చూడండి, 6.5 కంటే దిగితే నీరు వదలొద్దు. చేపల చెరువుకు పోయే నీటికి మాత్రం పటిక అసలు వద్దు. చిల్లగింజ అరగదీసి కుండ నీరు తేర్చడం మన పాత పద్ధతే గానీ వేల లీటర్లకు పనికిరాదు.

సముద్రం వైపు స్థలాల్లో ఇంకో జాగ్రత్త ఉంది. గోతి ఊట ఉప్పగా ఉండవచ్చు, తేటగా కనబడ్డా సరే. ఆక్వా ల్యాబులో గానీ చేతి మీటరుతో గానీ లవణత చూపించండి. మీటరుకు 2 డెసి సీమెన్స్ (లవణత కొలిచే ప్రమాణం) దాటితే దాన్ని వరి చేలోకి, పంట బోదెలోకి వదలొద్దు, మురుగు కాలువ వైపే పంపాలి. తేటైన తీపి నీరు అయితే పక్క కొబ్బరి తోటలోకి పారించడం అన్నిటికంటే మంచి దారి, రైతు ఒప్పుకుంటే.

అపార్టుమెంట్లకు పైల్స్ (లోతుకు దింపే కాంక్రీటు స్తంభాలు) వేసేచోట బెంటోనైట్ వాడతారు. అది నీటిలో దిగకుండా ఉండటానికే పుట్టిన బంక. తేరుడు గుంటలో పోసి లాభం లేదు. ఇనుప ట్యాంకులో తిప్పి వాడుకుని, చివర మిగిలినదాన్ని ట్యాంకరుతో తీసుకెళ్లేలా ఒప్పందంలోనే రాయించాలి.

8. స్లాబు రోజు

మట్టి నీరు కళ్లకు కనబడుతుంది, సిమెంటు నీరు కాసేపటికే తేటగా కనబడి మోసం చేస్తుంది. దాని పీహెచ్ 12 దాటుతుంది. పర్యావరణ పరిరక్షణ నియమాల సాధారణ ప్రమాణాల ప్రకారం కాలువల్లోకి వదిలే నీరు 5.5, 9 మధ్య ఉండాలి, తేలే మట్టి లీటరుకు 100 మిల్లీగ్రాములు దాటకూడదు. ఆక్వా రైతులకు ఇది వెంటనే అర్థమవుతుంది: 30 డిగ్రీల వేడిలో పీహెచ్ 7 దగ్గర చెరువు అమ్మోనియాలో విషరూపం ఒక శాతం లోపే, 9 దగ్గర నలభై శాతం పైన.

ముందురోజే ఆరడుగుల చదరం, రెండడుగుల లోతు గొయ్యి తీసి, 250 మైక్రాన్ల ప్లాస్టిక్ షీటు ఒకే ముక్కగా పరవండి. అతుకు ఉంటే కారుతుంది. మిల్లర్, గమేళాలు, పారలు, వైబ్రేటరు అన్నీ అక్కడే కడగాలి. పైన అడుగు ఖాళీ ఉండాలి, వాన సూచన ఉంటే రేకు కప్పాలి. రెడీమిక్స్ లారీ వస్తే డ్రైవరు దిగగానే ఈ గొయ్యి చూపించండి, పని అయ్యాక చెబుదామంటే అప్పటికి కాలువ గట్టున కడిగేస్తాడు. తేరిన నీరు మర్నాటి మాలుకు వాడుకోవచ్చు. అడుగున గట్టిపడిన పెచ్చు పగలగొట్టి ఫ్లోరింగు కింద నింపుడుకు సరిపోతుంది.

సెంట్రింగ్ రేకులకు వాడేసిన ఇంజను ఆయిల్ పూయడం మానిపించండి. వాన తగిలిందంటే స్లాబు మీదనుంచి రంగుల తెట్టు కారుతుంది. షట్టరింగ్ ఆయిల్ పలచగా గుడ్డతో తుడిస్తే చాలు. డీజిల్ డబ్బాల కింద అంచులున్న రేకు పళ్లెం, అతి పెద్ద డబ్బా నిండు కొలతకు పదో వంతు ఎక్కువ పట్టేది. రంగు బ్రష్షులు కడిగిన నీరు ఎక్కడ పోస్తారో పెయింటరును అడగండి.

తుపాను హెచ్చరిక వస్తే

అక్టోబరు, నవంబరు నెలల్లో వాయుగుండం వార్త వినగానే ఈ వరసలో వెళ్లండి. కొత్త తవ్వకం ఆపండి. తేరుడు గుంట తేటగా ఉంటే ఖాళీ చేసి జాగా చేయండి. సిమెంటు కడుగుడు గొయ్యిలో నీటిని డ్రమ్ముల్లోకి ఎత్తండి, ఇది పొంగితే మిగతా పనంతా వృథా. సిమెంటు బస్తాలు, డీజిల్, రంగులు మెరకకు, ఎత్తు మీదకు. పోగుల బరకాలు తాళ్లతో బిగించండి. చివరగా తూములకు అడ్డంగా గడ్డి, సంచులు ఏమన్నా చేరాయేమో తీసేయండి. ఊరు మునుగుతుంటే మాత్రం మీ అంచు అడ్డుకట్ట ఒకచోట తెరవడానికి వెనకాడొద్దు.

వారం వారం చూడాల్సినవి

వారానికోసారి, అరంగుళం దాటిన ప్రతి వాన తర్వాత 24 గంటల్లోపు చుట్టి రావాలి. వాన కొలవడానికి నిలువు అంచుల గాజు గ్లాసు, స్కేలు చాలు. గుడ్డ కంచె వెనక మట్టి ఎత్తులో మూడో వంతుకు చేరితే తీసేయండి. కాలువలో సైటుకు ఎగువన ఒక సీసా, దిగువన ఒక సీసా నీరు ముంచి పక్కపక్కన పెట్టి చూడండి. దిగువ సీసా చిక్కగా ఉంటే ఎక్కడో దారి తప్పింది. మొదట ఇంజను పైపు చివర చూడండి, తర్వాత గేటు. రెండు సీసాల ఫోటో తేదీతో ఉంచుకుంటే, మర్నాడు ఎవరైనా వచ్చి చెరువులో చేప తేలిందంటే మాట్లాడటానికి ఆధారం ఉంటుంది. 1974 నాటి నీటి కాలుష్య చట్టం 24వ సెక్షను కాలువలోకి కాలుష్యం వదలడాన్ని నిషేధిస్తుంది.

గుంటలోంచి, కంచె వెనకనుంచి తీసిన మేట మట్టిని గట్టు మీద ఆరబోయొద్దు. స్థలం లోపలే పలచగా పరిచి, ఎండాక మొక్కల పాదుల్లోకి తోయించండి. పని పూర్తయ్యాక నేలలో డెబ్బై శాతం గరిక కమ్ముకునేదాకా అంచు కంచె తీయకూడదు. గృహప్రవేశానికి అందంగా ఉండదని ముందురోజు పీకేస్తుంటారు, ఆ తర్వాతి వానకే ముందు వాకిలి మట్టి రోడ్డెక్కుతుంది. పీచు దిండ్లు అక్కడే వదిలేయొచ్చు. సరుగుడు కర్రలు, జియోటెక్స్‌టైల్ గుడ్డ తీసి, గాడి పూడ్చి, అక్కడ కూడా నాలుగు గరిక పిలకలు గుచ్చండి.